కుడి మోకాలి వైపు

నవంబరు 4

అత్తా,

ఫోన్ చెయ్యక ఉత్తరమేమిటని నవ్వకు. హాస్టల్లో ఫోన్ ఆదివారం మాత్రమే ఇస్తారు. అప్పుడు కూడా వార్డెనమ్మ పక్కన కుర్చీ వేసుకుని స్వెట్టర్ అల్లుతూ కూర్చుంటుంది. చేతులు అల్లికలో, చెవులు మన మాటల్లో. నేను నీకు చెప్పుకోవాల్సినవి ఆవిడ వినాల్సినవి కావు.

వచ్చే వారం బ్యాంకు టీముతో ఆడాలి. వాళ్ళు అందర్లా బాస్కెట్ వేసేసి తమ రింగు దగ్గరికి పోయి నిలబడరు. అక్కడే మన మీద పడతారు. బంతి నా చేతికి రాగానే ఇద్దరొచ్చి మూలకి తోసేస్తారు. పోయినసారి ఆ మూలలో ఇరుక్కుని బంతి ఎన్నిసార్లు పోగొట్టానో నాకే తెలీదు. మా గడియారం సార్ తెలుసుగా, ఊరికే చేతి గడియారం చూసుకుంటూ ఉంటారని ఆ పేరు పెట్టాం. ఆయన గడియారం చూసి, "ఇంకెంతసేపమ్మా నిద్ర?" అన్నారు. బెంచి మీదున్న వాళ్ళంతా విన్నారు.

అప్పట్నుంచి అన్నం ముందు కూర్చున్నా ఆ మూలే కనిపిస్తోంది. రెండు తెల్లగీతలు కలిసే చోటు. నేను ఇంకా వేగంగా డ్రిబుల్ చెయ్యాలా? ఎడమచేత్తో తప్పించుకోవాలా? సార్‌ని అడిగితే, "ఆడేది నువ్వా నేనా?" అంటారు. సెలవుల్లో మీ ఫ్యాక్టరీ కోర్టులో నువ్వు నేర్పిందే నాకొచ్చిన ఆట. తొందరగా రాయి.

ఇంకోటి. కుడి మోకాలు కాస్త వాస్తోంది. కుడివైపుకి జరిగి టక్కున ఆగాలంటే లోపల ఏదో జారినట్టుంటోంది. పొడుగు మేజోళ్ళు మోకాలి పైదాకా లాక్కుంటున్నాను, ఎవరికీ కనిపించదు. నాన్నకి చెప్పకు. జనవరిలో రాష్ట్ర జట్టు క్యాంపుకి నన్ను తీసుకోకపోతే ఆట మానేసి ఇంటికి రావాలని ఆయన ముందే అన్నాడు. మోకాలని తెలిస్తే జనవరిదాకా కూడా ఆగడు. సార్‌కైతే అసలే చెప్పలేదు.

నీ
పిచ్చుక

*

నవంబరు 10

పిచ్చుకా,

పోస్టుమ్యాన్ నీ ఉత్తరాన్ని టైమాఫీసు కిటికీలోంచి విసిరితే వచ్చి నా టీలో పడింది. అక్షరాలు కొన్ని కరిగిపోయాయి. నీ భయం మాత్రం చెక్కు చెదరలేదు.

సరే, విను. నీ మీదికి ఇద్దరొచ్చారంటే మీవాళ్ళలో ఒకమ్మాయి దగ్గర ఎవరూ లేరన్నమాట. నువ్వేమో ఆ ఇద్దర్నీ దాటి చూపించాలనుకుంటున్నావు. వాళ్ళకి కావాల్సింది కూడా అదే. బంతి అందగానే నేలకేసి కొట్టకు. రెండు చేతులతో పట్టుకుని తలెత్తు. మీలో కాస్త ఎత్తైన పిల్లని కోర్టు మధ్య గుండ్రం దగ్గర నిలబెట్టు. వాళ్ళిద్దరూ నీ మీదికి వచ్చేదాకా ఓపిక పట్టి, వచ్చాక ఆ పిల్లకి అందించు. పొడుగు పాసులొద్దు. గాల్లో ఎక్కువసేపున్న బంతి ఎవరి సొత్తూ కాదు. ఆ పిల్ల అటు తిరిగేసరికి ముందు మీవాళ్ళు ఎక్కువ, వాళ్ళవాళ్ళు తక్కువ. రెండుసార్లు అలా బాస్కెట్ పడిందనుకో, వాళ్ళే బుద్ధిగా వెనక్కి పోతారు.

ఇక మోకాలు. నీ నోట "కాస్త" అన్న మాట వింటేనే నాకు గుండె దడ. గోడ మీంచి పడి చెయ్యి విరిగిన రోజు కూడా కాస్త నొప్పనే అన్నావు. డాక్టరుకి చూపించు. మీ నాన్నకి నేను చెప్పను. కానీ తమ్ముడి దగ్గర దాచడం నాకేమీ బాలేదు, అది గుర్తుపెట్టుకో.

ఇక్కడ నా తలనొప్పి నాకుంది. పెద్ద మేనేజరు పిలిచి, ఈసారి ఫైనల్ దాకా వెళ్తేనే నేను ఆడించే ఫ్యాక్టరీ టీము ఉంటుందన్నాడు. లేకపోతే ఆడవాళ్ళకి షిఫ్టు మధ్యలో ప్రాక్టీసుకిచ్చే గంట రద్దు. నీకు మావాళ్ళు తెలుసుగా. గోదాములో పొడుగమ్మ, ప్యాకింగులో బుల్లి, తూకం దగ్గర పనిచేసే మా కెప్టెన్ కాటా. తాళ్ళ ఫ్యాక్టరీ అంటే రోజంతా పీచు ధూళే. ఆ గంటసేపే వాళ్ళు దగ్గకుండా ఊపిరి పీల్చుకునేది. ఆ మాట మేనేజరుకి చెప్పాను. కాగితాలు సర్దుకున్నాడు.

గెలిచి రాయి. ఓడినా రాయి.

అత్త

*

నవంబరు 18

అత్తా, అత్తా, అత్తా!

పని చేసింది! మా ఎత్తుపిల్ల మొదటి రెండుసార్లు కంగారుపడి వదిలేసింది గానీ, తర్వాత నేను అందించడం, తను తిరగడం, అవతల బాస్కెట్. అచ్చం నువ్వు రాసినట్టే జరిగింది. సగం ఆట అయ్యేసరికి బ్యాంకు వాళ్ళు మీద పడటం మానేసి వెనక్కెళ్ళి నిలబడ్డారు. సార్ గడియారం చూడటం మర్చిపోయారు!

ఇంత సంతోషంగా రాస్తున్నానా, ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. సెమీస్‌లో మాకెవరు పడ్డారో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. బోర్డు మీద మా హాస్టల్ పేరు కింద మీ తాళ్ళ ఫ్యాక్టరీ పేరు రాశారు. అందరూ నావైపు తిరిగారు. సార్ అయితే సాయంత్రమే పిలిచి కుర్చీ చూపించారు. సార్ నన్ను కూర్చోమనడం ఇదే మొదలు. "మీ అత్త ఎలా ఆడిస్తుంది? పొడుగమ్మ ఏ చెయ్యి వాడుతుంది? కాటా ఎటు వెళ్తుంది?" ఒకటే ప్రశ్నలు. నేను తెలీదన్నాను. నమ్మలేదు. ఎలా నమ్ముతారు, ప్రతి సెలవుల్లోనూ మీ దగ్గరే కదా నేను!

ఏం చెయ్యను? చెప్తే నీకు ద్రోహం. చెప్పకపోతే మా వాళ్ళకి. ఎత్తుపిల్ల అప్పుడే, "మీ అత్త కోసం బంతి వదిలేస్తావా?" అని నవ్వింది. నవ్వులాటకే అంది, కానీ నేను నవ్వలేకపోయాను.

మోకాలి సంగతి నీకు రాయకుండా ఉండాల్సింది. దయచేసి మర్చిపో.

పిచ్చుక

*

నవంబరు 22

కోడలా,

మీ సార్ అడిగినవన్నీ చెప్పేసెయ్. నీకు తెలిసినవి ఆయన మా ఆట ఒకసారి చూస్తే తెలిసేవే. పొడుగమ్మది కుడిచెయ్యని ప్రపంచమంతటికీ తెలుసు, ఎడమచేత్తో ఆవిడ తలుపు గడియ కూడా తియ్యలేదు. నువ్వు వాళ్ళ తిండి తింటున్నావు, వాళ్ళ చొక్కా వేసుకుంటున్నావు. అక్కడ నోరు మూసుకుని కూర్చుంటే నాకు గౌరవమేమీ రాదు.

ఈ రోజు నుంచి మనిద్దరి మధ్య ఆట మాటలు మాత్రం వద్దు. నేను జోన్ వేయిస్తానో, మనిషికి మనిషిని కాపలా పెడతానో నువ్వు అడగకు, నేను చెప్పను.

మోకాలు మర్చిపొమ్మన్నావు. ఎలా మర్చిపోను? పలక మీద రాసిందా తుడిచెయ్యడానికి? మావాళ్ళని ఎవరి మీద ఎవరిని నిలబెట్టాలా అని కాగితం ముందేసుకుంటాను. నీ పేరు దగ్గరికి రాగానే చెయ్యి ఆగిపోతోంది. నిన్న కాటా, "ఏంటి మేడమ్, అక్కడే గీస్తున్నారు?" అంది. పెన్ను రాయట్లేదని అబద్ధమాడాను.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఈ మ్యాచ్ నువ్వు ఆడకపోతే బాగుంటుంది. మీ సార్‌కి నిజం చెప్పి కూర్చో. వచ్చే ఏడాదికి మోకాలుండాలిగా.

డాక్టరు దగ్గరికి వెళ్ళావా లేదా? అడిగినదానికి జవాబు రాయకుండా తప్పించుకోవడం మీ నాన్న దగ్గర నేర్చుకున్నావు.

అత్త

*

నవంబరు 27

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం అందింది.

నేను ఆడకపోతే బాగుంటుందన్నారు. ఎవరికి బాగుంటుంది? నేను లేకపోతే మా టీములో బంతి పట్టుకుని ముందుకు తీసుకెళ్ళేవాళ్ళు లేరని మీకు తెలుసు. మీకు ఫైనల్ కావాలని నాకు తెలుసు. ఆ గంట పర్మిషన్ సంగతి మీరే రాశారు. అది చదివి మీ కోసం బాధపడ్డాను కూడా. ఇప్పుడు మాత్రం ఆ సంగతి నాకెందుకు రాశారా అనిపిస్తోంది.

నమ్మకంగా చెప్పుకున్న మాటని తీసుకుని నన్నే కూర్చోమంటారా?

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే రాసిస్తాడు, రాసిస్తే సార్ చూస్తారు. నేను ఆడుతున్నాను. క్యాంపుకి ఎంపిక చేసేవాళ్ళు సెమీస్ చూడ్డానికే వస్తున్నారట. మీకు చేతనైనట్టు మీరు ఆడించండి.

సార్‌కి అన్నీ చెప్పేశాను. పొడుగమ్మ గారి చెయ్యి, కాటా గారి వంపు తిరుగుడు, బుల్లి గారి వేగం. మీరు చెప్పమన్నారు కాబట్టే చెప్పాను.

ఇట్లు,
మీ మేనకోడలు

*

డిసెంబరు 1

పిచ్చుకా,

"మీరు" అని రాశావు. నాలుగేళ్ళ పిల్లవి, నా చెప్పులు తొడుక్కుని కోర్టంతా టపటపా తిరిగి, "నువ్వు జరుగు, నేను ఆడాలి" అన్నదానివి. ఇప్పుడు అత్తయ్య గారినయ్యాను. ఆ ఉత్తరాన్ని రెండోసారి చదవలేదు. మడిచి సొరుగులో పడేశాను.

నిన్ను కూర్చోమన్నది గెలవడానికి కాదు. రాసేటప్పుడు ఆ అర్థం వస్తుందని నాకు తట్టనేలేదు. తట్టాల్సింది. ప్రత్యర్థి టీము కోచ్ ఆ మాటంటే ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఇప్పుడు రాసేది జాగ్రత్తగా చదువు. పోయిన శనివారం మీరు మునిసిపల్ టీముతో ఆడిన ప్రాక్టీసు ఆట చూడ్డానికి కాటా వెళ్ళింది. నేను పంపలేదు. తన సెలవు రోజు, తన బస్సు. వచ్చి అందరి ముందూ చెప్పింది: "మేడమ్, ఆ చిన్నపిల్ల కుడివైపుకి జరిగి ఆగలేకపోతోంది. రెండు అడుగులు ఎక్కువ వేసి ఆగుతోంది. మోకాలేదో తేడాగా ఉంది. తను ఎవరిని కాస్తే వాళ్ళు తన కుడివైపు నుంచే దూసుకుపోవాలి." రోజూ వందల మూటలు ముల్లు చూసి తూచే మనిషి, తన కళ్ళు తనకున్నాయి. నేను ఒక్కమాట కూడా చెప్పలేదు. ఒట్టు.

అందరూ నావైపు చూశారు. తెలిసి కూడా తెలియనట్టు మొహం పెట్టడం నాకు రాదు. "అలా వద్దు. పొడుగమ్మకి ఎడమవైపు నుంచి బంతి ఇద్దాం" అన్నాను. ఎందుకని కాటా అడిగింది. నేను చెప్పలేదు. అప్పుడు తనకి అర్థమైపోయిందనుకుంటాను.

ఇది నీకు రాయకూడదు. ఆట మాటలు వద్దని నేనే అన్నాను. కానీ వాళ్ళకి తెలుసన్న సంగతి నీకు తెలియాలి. మీ సార్‌కి చెప్పు తల్లీ. చెప్పి ఆడు, పోనీ చెప్పకుండా కూర్చో. దాచిపెట్టి మాత్రం ఆడకు.

ఇది మ్యాచ్ లోపు నీకు అందాలని పెద్ద పోస్టాఫీసుకి నేనే వెళ్ళి డబ్బాలో వేస్తున్నాను.

అత్త

*

డిసెంబరు 6

అత్తయ్య గారికి,

గెలిచాం. ఒక్క పాయింటుతో. అభినందనలు చెప్పడానికి మీరు మా బస్సు దాకా వచ్చారు, నేను అవతలి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఎందుకో మీకు తెలియాలని రాస్తున్నాను.

నలుగురు రింగు ముందు చదరంగా నిలబడ్డారు. ఐదో మనిషి బుల్లి గారు నా వెంటే. బంతి ఎక్కడున్నా ఆవిడకి పట్టదు, నేనెక్కడుంటే ఆవిడ అక్కడ. బాక్స్ అండ్ వన్ అంటారని మీరే నేర్పారు, ఒకే ఒక మంచి ప్లేయరున్న టీము మీద వేస్తారని కూడా. మొదట గొప్పగా అనిపించింది. తర్వాత ఊపిరాడలేదు. బంతి నా చేతికి రానివ్వలేదు. ఎంపిక చేసేవాళ్ళు మూడో వరసలో కూర్చున్నారు. వాళ్ళకి నేనేం కనిపించి ఉంటాను? కోర్టంతా పరుగెత్తే పిల్ల తప్ప.

వదిలించుకోవడానికి పరుగెత్తాను. ఆగి, తిరిగి, మళ్ళీ పరుగెత్తాను. బంతి చేతిలో ఉంటే నిలబడి ఆలోచించే వీలైనా ఉండేది. బంతి లేకుండా పరిగెత్తడమే మోకాలిని చంపింది.

మూడో భాగంలో సార్ ఒక ఎత్తు వేశారు. నన్ను మధ్యగీత దగ్గర ఊరికే నిలబడమన్నారు. నేను నిలబడితే బుల్లి గారూ నిలబడాలి. మిగతా నలుగురూ మీ నలుగురితో ఆడుకున్నారు. ఖాళీ ఎక్కువై మావాళ్ళు వరసగా బాస్కెట్లు వేశారు. అప్పుడే పక్కపక్కన నిలబడి ఉండగా బుల్లి గారు మెల్లిగా అన్నారు: "నొప్పిగా ఉందా పిల్లా? నిన్ను తాకొద్దని, పడేయొద్దని మేడమ్ ఒకటికి పదిసార్లు చెప్పింది."

అంటే మీరు చెప్పేశారు. అందరికీ. నా మోకాలి సంగతి మీ ఫ్యాక్టరీ అంతటికీ తెలుసు. జాలి కూడా పంచిపెట్టారు.

ఆఖరి క్షణాల్లో నేను కోర్టులో లేను. మీరు చూసే ఉంటారు.

మీ మేనకోడలు

*

డిసెంబరు 11

పిచ్చుకా,

డబ్బాలో నేనే వేసిన ఉత్తరం నీకు ఇంకా అందలేదని నీ ఉత్తరం చదివితే తెలిసింది. ఈపాటికి అంది ఉంటే కాటా ఏం చూసిందో నీకు తెలుసు. ఇంకా అందకపోతే, దాని కోసం ఆగి, అది చదివాక ఇది చదువు.

బుల్లికి తాకొద్దని చెప్పినమాట నిజం. నిన్ను బంతికి దూరంగా పెట్టడానికి రెండు కారణాలు. నీ చేతిలో బంతి లేకపోతే మీ టీముకి దారి తెలియదు, అది కోచ్‌గా. నీ చేతిలో బంతి లేకపోతే నువ్వు మా పొడుగమ్మ మీదికి ఎగరవు, పడవు, అది అత్తగా. రెండూ ఒకే ఎత్తులో కలిసొచ్చాయని ముందురోజు సంబరపడ్డాను. బంతి లేకపోతే నువ్వు ఊరుకోవని, రెట్టింపు పరుగెత్తుతావని నాకు తోచలేదు. నిన్ను పెంచినదాన్ని, నాకు తోచాలి. మొదటి భాగంలోనే నువ్వు కుంటడం చూశాను. చూసి కూడా మార్చలేదు. మారిస్తే నీకు బంతి వస్తుంది, వస్తే నువ్వు ఎగురుతావు. బెంచి మీద కూర్చుని వేళ్ళు విరుచుకున్నాను తప్ప ఏమీ చెయ్యలేకపోయాను.

ఇప్పుడు నీకు తెలియనిది చెప్తాను. చివర్లో మేం ఒక్క పాయింటు వెనకున్నాం, బంతి మాది, టైమౌట్ తీసుకున్నాను. పొడుగమ్మకి ఎడమవైపు నుంచి అని మొదలుపెట్టాను. కాటా నా మాట మధ్యలోనే ఆపింది. "మేడమ్, ఆట మొదలైనప్పట్నుంచీ అదే. మీ కోడలివైపు ఇంకెప్పుడు వెళ్దాం? రేపు షిఫ్టులో కూర్చున్నాక వెళ్దామా?" అరవలేదు. నెమ్మదిగానే అంది. పొడుగమ్మ తల దించుకుంది. బుల్లి రొప్పుతూ నా మొహంలోకి చూస్తోంది. వీళ్ళు నా కోసం కాదు ఆడేది. వాళ్ళ గంట కోసం.

"అటే వెళ్ళండి. కుడివైపు" అన్నాను.

నా నోటితోనే అన్నాను పిచ్చుకా. కాటా బంతి పట్టుకుని వెళ్తుంటే నేను నేల చూస్తున్నాను. ఎవరో కేక వేస్తే తలెత్తాను. నువ్వు ఉండాల్సిన చోట ఎవరో పొడుగు చేతుల పిల్ల ఉంది. నువ్వు మీ బెంచి మీద తువ్వాలు మోకాలి మీద వేసుకుని కూర్చున్నావు. కాటా అనుకున్నట్టే కుడివైపు దూరింది. ఆ పిల్ల అక్కడే ఉంది, కదల్లేదు. బంతి రింగు అంచుకి తగిలి బయటపడింది. మేం ఓడిపోయాం. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. అది చూసి కాటా నాతో మాట్లాడటం మానేసింది.

తను కోపగించుకున్నది నిన్ను చూసి కాదు. "మొదట్నుంచీ వెళ్ళి ఉంటే చివర్లో ఒక్క పాయింటు కోసం దేవులాడేవాళ్ళం కాదు" అంది. అది నిజం. 

గంట పోయింది. మేనేజరు నోటీసు అంటించాడు. కానీ మొన్న వారపు సెలవునాడు కోర్టు ఒకసారి చూసిపోదామని వెళ్తే తలుపు తీసి ఉంది. కాటా, బుల్లి, ఇంకో ముగ్గురు ఆడుకోవడానికి పీచు ఊడుస్తున్నారు. నన్ను రమ్మనలేదు. పొమ్మనలేదు. నేనూ ఒక చీపురు తీసుకున్నాను.

నువ్వు ఎలా ఉన్నావు? ఎందుకు బయటికి వచ్చావు? పడ్డావా? అక్కడ నాకు కనిపించనిదేమైనా జరిగిందా? ఒక్క ముక్క రాయి. "మీరు" అనే రాయి, పర్వాలేదు.

అత్త

*

డిసెంబరు 17

అత్తా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. మొదటిది మా పాత హాస్టల్ భవనానికి వెళ్ళి తిరిగొచ్చిందట. చదివి, నా ఉత్తరం గుర్తొచ్చి, దుప్పటి కప్పుకుని పడుకున్నాను. రెండోది చదివి లేచి కూర్చున్నాను.

నేను పడలేదు. టైమౌట్‌లో సార్ ఏదో గీస్తున్నారు, నాకు వినిపించట్లేదు. మీ గుంపు వైపే చూస్తున్నాను. కాటా గారు నీతో ఏదో అని, తల తిప్పి చూశారు. నా మొహం వైపు కాదు, మోకాలి వైపు. అంతే, నాకు తెలిసిపోయింది. నా వైపే వస్తారు. నేను ఆపలేను. ఇన్నాళ్ళూ దాచింది నాకొక్కదానికే నష్టమనుకున్నాను అత్తా. అక్కడ మావాళ్ళ మొహాలు చూస్తే కాదని తెలిసింది. ఎత్తుపిల్లకి పెదవి పగిలి రక్తం కారుతోంది, తుడుచుకుంటూ, "నీ వైపు వస్తే నువ్వు చూసుకో, నేను వెనకుంటాను" అంటోంది.

"సార్, నా మోకాలు ఆగదు. కుడివైపు అసలు ఆగదు. నన్ను తీసెయ్యండి" అన్నాను.

సార్ గీత ఆపి, "ఎప్పట్నుంచి?" అన్నారు. "మొదట్నుంచీ" అన్నాను. తిడతారనుకున్నాను. తిట్టడానికి టైం లేదు. పొడుగు చేతుల పిల్లని లేపి, "ఎటొస్తారు?" అని నన్నే అడిగారు. "దాని కుడివైపు. ముందే వెళ్ళి నిలబడమనండి, చేతులు మాత్రం దించొద్దనండి" అన్నాను. అలా మీ ఆట ఆపించింది నేనే. అది నీకు చెప్పాలి.

తిట్లు తర్వాత పడ్డాయి. మర్నాడు పొద్దున సార్ అందరి ముందూ తిట్టారు, తిట్టి డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళారు. లోపల చిరిగిందట, కొంచెమే. ఆపరేషన్ ఇప్పుడే వద్దు, వేసవి దాకా వ్యాయామాలు, బరువు మోపకూడదు. తగ్గకపోతే అప్పుడు చూద్దామన్నాడు డాక్టరు. ఆ "తగ్గకపోతే" దగ్గరే నా ప్రాణం వేలాడుతోంది. ఫైనల్ ఓడిపోయాం. క్యాంపు జాబితాలో నా పేరు లేదు. హాస్టల్లో నా మంచం మాత్రం ఎవరికీ ఇవ్వనని సార్ అన్నారు.

అటే వెళ్ళమన్నానని నువ్వు రాసిన చోట ఒక రోజంతా కోపమొచ్చింది. నిజంగా వచ్చింది, దాచను. మా అత్త నా విరిగిన కాలి మీదికి మనుషుల్ని తోలింది! తర్వాత, వెళ్ళొద్దని ఉంటే ఎలా ఉండేదో ఆలోచించాను. కాటా గారి ముందు నీ తల ఎలా ఉండేది? మేం గెలిచినదాంట్లో నాకేం మిగిలేది? ఇంకా పూర్తిగా తేలలేదు నాకు. కానీ ఆ రోజు నువ్వు నన్ను కోడలిలా కాకుండా ఒక ప్లేయరులా చూసింది ఆ ఒక్క టైమౌట్‌లోనే అనిపిస్తోంది.

నాన్నకి నేనే ఫోన్ చేశాను, వార్డెనమ్మ పక్కనుండగానే. అంతా విన్నాడు. తర్వాత, "అక్కకి తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. నీకు ఈపాటికి ఫోన్ వచ్చి ఉంటుంది, తిట్లు కూడా పడి ఉంటాయి. నా వాటా కూడా నీకే పడింది, క్షమించు. ఇంటికి వచ్చెయ్యమన్నాడు. వేసవి దాకా నీ దగ్గర ఉంటానన్నాను. ఊఁ అనలేదు, కాదనలేదు.

కాటా గారిని అడిగి చెప్పు. ఒప్పుకుంటేనే వస్తాను. బంతి ముట్టుకోను. ఆ రోజు అంత దూరం నుంచి, మేజోడు కింద ఉన్నదాన్ని ఆవిడ ఎలా చూశారో నాకు నేర్చుకోవాలనుంది. వారపు సెలవునాడు ఆవిడ పక్కన బెంచి మీద కూర్చోనిస్తే చాలు. మాట్లాడకపోయినా పర్వాలేదు.

ఒప్పుకుంటే జనవరి మొదటి శుక్రవారం పొద్దుటి రైలుకి వస్తాను. ప్లాట్‌ఫారం మీదికే రా అత్తా, బయట నిలబడొద్దు. ముందే చెప్తున్నాను, నేను మెట్లు దిగలేను.

నీ
పిచ్చుక